మా ఇంట్లో పలుకుతాంది గదా!

ఆ రోజుల్లో ఆదోనిలో రేడియో ఉన్న ఇంటికి ఒక హోదా ఉండేది. రేడియోను విప్పగలిగిన మనిషికి అంతకంటే పెద్ద హోదా. విప్పినదాన్ని మళ్ళీ బిగించి పలికించగలిగితే ఇక ఆ మనిషిని పట్టుకోవడమే కష్టం. ఎనభైల మొదట్లో నేను విప్పడం వరకు బాగా వచ్చినవాణ్ణి. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు, మా నాయన పరుపుల అంగడిలో దూది ఏకుతూ, తలనిండా దూది పెట్టుకొని తిరిగేవాణ్ణి (ఇరవై ఏళ్ళకే తల నెరిసిందని ఒక పెళ్ళిసంబంధం వెనక్కి పోయింది కూడా). అంగడి వెనక గదిలో నాకు ఇద్దరు స్నేహితులు తోడు. ఒకాయన ఎప్పుడూ టంకం పొగలో ఉంటాడు కాబట్టి పొగాయన. ఇంకొకాయన హాలహర్వి నుంచి వచ్చి మా వీధిలో గది తీసుకున్నాడు, మాటకు ముందొకటి వెనకొకటి కన్నడం కలుపుతాడు, ఆయన్ను ఊరిపేరుతోనే పిలిచేవాళ్ళం. ముగ్గురం కలిసి మూడు ట్రాన్సిస్టర్లతో ఒక రేడియో చేశాం. పెట్టె కొనే స్తోమత లేక స్పీకరును పాత కుండ మూతికి బిగించాం. పెరట్లో బట్టలారేసే చోట ఏరియల్ తీగ కట్టి, మా తాత నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడిగి వజూ చేసుకునే బండ పక్కన ఒక ఇనుప కడ్డీ దిగ్గొట్టి, దానికి ఎర్త్ తీగ చుట్టాం. కుండ పాడింది. ఆ సాయంత్రం మేము నేలమీద నడిచినట్టు నాకు గుర్తులేదు.

బజారులో రేడియో రిపేరు చేసే ఆయన మూత తీసేటప్పుడు మనకు వీపు తిప్పుకొని తీసేవాడు, మనం ఎక్కడ నేర్చేసుకుంటామో అని. దానిమీద మాకు చెడ్డ కోపం. అందుకని మా కుండ రేడియోలో దాపరికం ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఎవరైనా రావచ్చు, చూడవచ్చు, చేసుకోవచ్చు, ఇంకా బాగా చేసే దారి దొరికితే మాకు చెప్పవచ్చు. ఎట్లా చేయాలో ఒక కాగితంమీద రాసి, నకళ్ళు తీసి, అడిగినవాళ్ళకల్లా ఇచ్చాం. ఆ కాగితం 'ముందుగా మామూలు పద్ధతిలో కాయిల్ చుట్టుకొని' అని మొదలయ్యేది. రాసింది నేనే. అందులో తప్పేముందో నాకు తోచలేదు. పత్తికొండ నుంచి టమాటా రైతు ఒకాయన ఆ కాగితం పట్టుకొని మండుటెండలో అంగడికి వచ్చి, "మామూలు పద్ధతి అంటే ఎట్లప్పా? ఆ మామూలేందో మాకు తెలిసింటే బస్సెక్కి ఈడిదాంకా యాల వస్తాము?" అన్నాడు. ఆ మాటకు పొగాయన టంకం పక్కన పెట్టి నావైపు ఒక చూపు చూశాడు, దాని వేడి ఇంకా తగ్గలేదు.

అప్పటినుంచి కొత్తవాళ్ళకు సులువు చేయడమే మా పనైపోయింది. కాయిళ్ళు మేమే చుట్టి పెట్టాం. ఏ తీగ ఏ తీగతో కలవాలో తెలియక జనం తికమక పడుతున్నారని, పరుపులు కుట్టే రంగు దారాలు తెచ్చి తీగలకు కట్టాను. ఎర్రదారం తీగను ఎర్రదారానికి, పచ్చదాన్ని పచ్చదానికి కలిపితే చాలు. (దారాలు ఎక్కడికి పోతున్నాయని మా నాయన చాన్నాళ్ళు ఎలుకల్ని తిట్టాడు.) మా పెరట్లో కూర్చొని బిగించినవాళ్ళందరి కుండలూ చక్కగా పాడేవి. వాళ్ళు సంబరంగా ఎత్తుకొని పోయేవాళ్ళు. మళ్ళీ వారం తిరక్కుండా మొహం వేలాడేసుకొని వచ్చేవాళ్ళు. "మా ఇంట్లో పలకల్యా అన్నా." మా ముగ్గురి జవాబూ ఒకటే. "మా ఇంట్లో పలుకుతాంది గదా! నువ్వే ఏందో తప్పు చేసింటావు." ఒక్కసారి మాత్రం, మా తాత మాధవరంలో చుట్టాల ఇంటికి పోయి అక్కడే కొన్నాళ్ళు ఉండిపోయినప్పుడు, మా కుండ కూడా మూలిగింది. బ్యాటరీలు అయిపోయాయి అనుకున్నాం. తాత వచ్చాడు, కొత్త బ్యాటరీలూ వచ్చాయి, కుండ పలికింది. బ్యాటరీలే అని తీర్మానించుకున్నాం.

ఇంతలో ఎమ్మిగనూరులో ఉన్న మా అక్క ఇంటికి వచ్చి ఒక పెట్టెడు సామాను పట్టుకుపోయింది. పెళ్ళై ఏడాది కాలేదు. పోయిన కొన్నాళ్ళకు కబురు పంపింది, రేడియో తానే బిగించానని, అది ఉలకదు పలకదని, వెంటనే రమ్మని. ముగ్గురం బస్సెక్కాం. మా అక్క అత్తగారు (నేనూ అత్తా అనే పిలిచేవాణ్ణి) మంచిది, కానీ బట్టలారేసుకునే తీగ జోలికి వస్తే మంచిది కాదు. గడపలోనే అడ్డం నిలబడింది. "సూడు నాయనా, నీ యక్క వీధంతా సెప్పుకోని తిరిగింది, మా తమ్ముడు సేసిన రేడియో పాడతాదని. అది పాడేది లేదు, నా బట్టలారేది లేదు. శుక్రవారం దాంకా సూస్తా. పలక్కపోతే అన్నీ పీకి మూటగట్టి మీతోనే పంపిస్తా."

అక్క నన్ను పక్కకు లాగింది. "వీధిలో తలెత్తుకోని తిరగలేకుండా ఉన్నానురా. అది పోనీలే. సాయంత్రం పాటలేసే ఏళకు మీరంతా పెరట్లో కూసోనింటారు గదా. నేనూ ఈడ కూసోని అవే పాటలు వింటే, మీతోనే ఉన్నట్లుంటాదనుకున్యా" అంది. అంతవరకు అక్క అత్తగారింట్లో హాయిగా ఉందనే అనుకున్నాను. ఆ మాట తర్వాత నాకు ఆ రేడియో పలకాలి, అంతే.

బిగింపంతా విప్పి చూశాం. అక్క పని మా పనికంటే నీటుగా ఉంది. కుండను ఆదోనికి తీసుకుపోయి మా పెరట్లో తగిలిస్తే గొంతెత్తి పాడింది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకొని ఎమ్మిగనూరుకు తెస్తే మళ్ళీ మూగనోము. బస్సు కండక్టరు, "ఈ కుండకు గూడా టికెట్టు కొట్టాల్నేమో, మీకంటే ఎక్కువ తిరుగుతాంది" అన్నాడు. అత్తయితే మా ఎదురుగానే, "అదిగూడా కొత్త కోడలే, పుట్టింట్లో ఒగటే మాటలు, ఈడికొస్తే నోరు పెగల్దు" అంది. అక్కకు కూడా నవ్వు ఆగలేదు.

శుక్రవారం వచ్చింది. మనవరాలిని చూస్తానని తాత కూడా మాతో బయల్దేరాడు. మధ్యాహ్నమంతా మేము అక్క పెరట్లో దిగ్గొట్టిన ఎర్త్ కడ్డీ దగ్గరే గొంతుక్కూర్చున్నాం. ఎండకు ఆ నల్లనేల చెయ్యి పట్టేంత పగుళ్ళిచ్చి ఉంది. కుండలోంచి దోమ పాడినట్టు సన్నటి గీ తప్ప ఇంకేమీ లేదు. హాలహర్వాయన "ముగీతు" అన్నాడు, అయిపోయిందని. అత్త తీగ పీకడానికి కొంగు బిగించి నిలబడింది. అప్పుడే పొద్దు వాలి అసర్ నమాజుకు వేళైందని తాత చెంబెడు నీళ్ళు అడిగి, పెరట్లో నీడపడిన బండ అదొక్కటే కాబట్టి, కడ్డీ పక్క బండమీద కూర్చొని వజూ మొదలుపెట్టాడు. చేతులు కడిగాడు. ముఖం కడిగాడు. కాళ్ళమీద నీళ్ళు పోసుకున్నాడో లేదో, కుండ ఒక్కసారి గావుకేక పెట్టింది. కన్నడంలో!

హాలహర్వాయన "నమ్మ కన్నడ!" అని ఎగిరి పొగాయన్ను వాటేసుకున్నాడు. తాత అదిరిపడి, "నమాజు ముందర ఈ గోలేందిరా!" అని చెంబు ఎత్తాడు. మేము గబగబా ఆపేశాం. అత్త కొంగు వదిలి, తలమీద ముసుగు సర్దుకొని, తాత వైపు కొత్త భక్తితో చూసింది. "పెద్దాయన చెయ్యి మంచిది" అని పొగాయన కూడా గుసగుసలాడాడు (వాడు బీయస్సీ, ఫిజిక్సు). తాత నమాజు ముగించాడు. కుండను మళ్ళీ ఆన్ చేశాం. గీ. పగిలిన నేల ఆ నీళ్ళన్నీ అప్పటికే తాగేసింది. తాతను ఇంకోసారి వజూ చేయమని అడిగేదెట్లా అని మేము మొహాలు చూసుకుంటుంటే, అక్క తొట్టిలో చెంబు ముంచి, కడ్డీ మొదట్లో దబదబా పోసేసింది. పాట వచ్చింది. సాయంత్రం వేసే మన పాటే. అక్క చెంబు పట్టుకొని అట్లాగే నిలబడి, నవ్వుతూ ఏడ్చింది. "మీ కాయితంలో అంతా రాసినారు గదరా, తాతను రాయల్యా" అంది.

ఎండిన నేలకు కరెంటు సరిగ్గా అందదని పొగాయన అప్పుడు వివరించబోయాడు గానీ వినేవాళ్ళు లేరు, అత్త చెంబుమీద చెంబు పోస్తూ ఉంది. మా పెరట్లో రోజుకు ఐదుసార్లు తాత తడిపే నేలమీద కూర్చొని, ఊళ్ళవాళ్ళందరినీ నువ్వే తప్పు చేసింటావు అన్నామే అని తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ మర్నాడే కాగితంమీద మొట్టమొదట 'కడ్డీ దగ్గర రోజూ నీళ్ళు పోయవలెను' అని రాశాం. పత్తికొండ రైతు కడ్డీ చుట్టూ నాలుగు టమాటా మొక్కలు పెట్టుకొని, రేడియో బాగుంది, కాయలు ఇంకా బాగున్నాయి అని ఒక గంపెడు తెచ్చి ఇచ్చాడు.

మొన్న ఎమ్మిగనూరు పోయాను. తాత లేడు, అత్త లేదు, కుండ ఎప్పుడో పగిలింది. కడ్డీ మాత్రం తుప్పు పట్టి అట్లాగే ఉంది, దాని పక్కన కరివేపాకు చెట్టు నా తలను దాటింది. నా తల ఇప్పుడు దూది లేకుండానే తెల్లగా ఉంది. సాయంత్రం అక్క గిన్నెలు కడిగి, మిగిలిన నీళ్ళు చూడకుండానే ఆ మొదట్లో పోసింది. "ఏమక్కా, పలుకుతాందా?" అన్నాను. అక్క చెంబు బోర్లించి, కాసేపు చెట్టువైపు చెవి ఒగ్గి, "మా ఇంట్లో పలుకుతాంది గదా! నీకు వినపడకపోతే నువ్వే ఏందో తప్పు చేసింటావు" అంది.