పేర్లు లేని పెట్టెలు

పొద్దున ఇందిరాపురంలో మా బాల్కనీలో తువ్వాళ్లు ఆరేస్తుంటే ఆంటీ ఫోన్ చేశారు. ఆంటీ అంటే మా మాస్టారి భార్య. మాస్టారు పోయి ఈ చలికాలానికి ఏడాది. ఆవిడ ఢిల్లీ మునిర్కాలో ఫ్లాటు ఖాళీ చేసి పుణేలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. "యూనివర్సిటీ వాళ్లు జవాబిచ్చారు నాయనా. మీ మాస్టారు తీసిన స్లైడ్లు పేర్లు లేకుండా తీసుకోలేమన్నారు. పదకొండు పెట్టెలు. పాత సామాన్లు కొనే కబాడీవాడికి వెయ్యటానికి నాకు చేతులు రావటం లేదు. ఏం చెయ్యమంటావు?" అన్నారు. కనుక్కుంటానాంటీ అన్నాను. ఎవర్ని కనుక్కుంటాను? చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉండేవారు.

నేను ఢిల్లీ వచ్చింది కలెక్టర్ని అవుదామని. పొద్దున్నే కటవారియా సరాయ్‌లో కిటికీ లేని గదిలోంచి బయటపడి కరోల్ బాగ్ కోచింగుకి పోవటం, సాయంత్రం మోసుకెళ్లిన పుస్తకాలే మోసుకుని రావటం. హిస్టరీ పేపరుకి పనికొస్తుందని ఎవరో చెబితే, ఒకరోజు యూనివర్సిటీలో కళాచరిత్ర క్లాసుకి దొంగతనంగా వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. మాస్టారు తెరమీద ఒక రాతిబొమ్మ వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. నేను పెన్ను తీసి సిద్ధంగా ఉన్నాను, రాసుకోవటానికి ఒక్క ముక్క వస్తే కదా! చివరికి నన్నే లేపి, ఏం కనిపిస్తోందని ఇంగ్లీషులో అడిగారు. ఇది ఏ కాలం నాటిది సర్ అని నేను ఎదురు ప్రశ్న వేశాను. నా ఇంగ్లీషు యాస వినగానే ఆయన తెలుగులోకి దిగిపోయారు. "పేరూ ఊరూ తర్వాతయ్యా. ముందు చూడు. ఆవిడ ఏ కాలి మీద బరువేసి నుంచుందో చెప్పు." చెప్పలేకపోయాను. నా కలెక్టరు ఉద్యోగం ఆ రోజే పోయిందనుకుంటాను. కోచింగు మానేసి మాస్టారి దగ్గర చేరిన సంగతి మా నాన్నకి మాత్రం మూడేళ్ల తర్వాత తెలిసింది.

స్లైడంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. అగ్గిపెట్టెంత అట్ట చట్రం, దాని మధ్యలో ఫిల్ము ముక్క, ప్రొజెక్టరులో పెడితే తెరమీద బొమ్మ పడుతుంది. వేసవి సెలవులు రాగానే మాస్టారు బస్సులెక్కి, పొలాల గట్ల మీద నడిచి, పేరు కూడా వినని ఊళ్లలో గుళ్లన్నీ ఫొటోలు తీసుకొచ్చేవారు. మొదట్లో అందరిలాగే వివరాలు చీటీ మీద రాసి చట్రానికి అంటించేవారట. ఒక ఏడాది చీటీలు తారుమారై, మహిషాసురమర్దిని అని రాసి ఉన్న చట్రంలో గజలక్ష్మి వచ్చింది. క్లాసంతా ఆ చట్రం మీది పేరు అడిగి తెలుసుకుని, తెరమీద రెండు ఏనుగులు నీళ్లు పోస్తుంటే, దున్నపోతు గురించి రెండు పేజీలు రాసిచ్చింది. మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఆ సెలవుల్లో ఆంటీని పక్కన కూర్చోబెట్టుకుని, తడిగుడ్డతో చీటీలన్నీ ఊడబీకేశారు. అంకె ఒక్కటే ఉంచారు. ఏ అంకె ఏ ఊరో ఆయన బుర్రలో ఉండేది. మీరు మర్చిపోతే ఎలా సర్ అని మేమడిగితే "నేనుండగా చీటీ ఎందుకయ్యా" అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్లం. ఎంత వెర్రివాళ్లం!

ఆ గుళ్లలో కొన్నింటికి తర్వాత ఆయిల్ పెయింట్లు వేశారు. కొన్ని పడిపోయాయి. కొన్ని బొమ్మలు ఎవరి ఇంట్లోకో, ఏ దేశానికో వెళ్లిపోయాయి. అవి ఫలానా ఊళ్లో ఉండేవని చెప్పటానికి ఆ ఫిల్ము ముక్కలు తప్ప సాక్ష్యం లేదు.

రిటైరైన చాలా ఏళ్లకి ఒకరోజు మాస్టారే ఫోన్ చేశారు. అప్పటికి నేను నోయిడాలో ఒక ప్రచురణ సంస్థలో పనిచేస్తున్నాను. "ఈమధ్య పేర్లు జారిపోతున్నాయయ్యా. మొత్తం పోకముందే నువ్వొచ్చి కూచుంటే రాసేద్దాం. మీ ఆంటీతో అనకు, కంగారు పడుద్ది." ఇంతమంది శిష్యుల్లో నన్నే పిలిచారని పొంగిపోయాను. ఆ ఆదివారమే వెళ్లాను. మాస్టారు స్లైడు కిటికీ వెలుగుకి పెట్టి, ఊరి పేరు చెప్పి, ఆ ఊళ్లో తనకి మజ్జిగ పోసినవాళ్ల సంగతి చెప్పి, అప్పుడు గుడి దగ్గరికి వచ్చేవారు. భోజనం వేళకి ముప్పై ఎనిమిది అయ్యాయి. ఇలా అయితే తెమలదని నాలో నేనే విసుక్కున్నాను. వచ్చే ఆదివారం వస్తానని చెప్పి వచ్చేశాను.

వెళ్లలేదు. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా సర్ ఈ వారం కుదరలేదు, ఈ వారం కాస్త పని అనేవాణ్ణి. "అచ్ఛా అచ్ఛా, వీలు చూసుకునే రా" అనేవారు. తర్వాత ఆయన ఫోన్ చెయ్యటం మానేశారు. నాకు హాయిగా అనిపించింది. అబద్ధం చెప్పి ప్రయోజనమేముంది, హాయిగానే అనిపించింది.

ఎనిమిది నెలలకి కొత్త నోటుబుక్కు కొనుక్కుని వెళ్లాను. మాస్టారు నన్ను గుర్తుపట్టారో లేదో తెలియలేదు, మర్యాదగా కూర్చోమన్నారు. ముప్పై తొమ్మిదో స్లైడు ఆయన చేతిలో పెట్టాను. వెలుగుకి ఎత్తి చాలాసేపు చూశారు. ముఖం వెలిగిపోయింది. "అబ్బ! ఎవరు తీశారయ్యా ఇది? ఆ నడుం తిప్పటం చూడు. ఆ పిల్లాణ్ణి ఎట్టా ఎత్తుకుందో చూడు!" నేను సిగ్గు విడిచి, ఇది ఏ ఊరిది సర్ అని అడిగాను. మరోసారి అడిగాను. ఆయన నా చెయ్యి నొక్కి, కొత్త విద్యార్థికి చెప్పినట్టు మెల్లగా అన్నారు. "పేరెందుకయ్యా. ముందు చూడు."

వంటింటి గుమ్మంలో ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఆ నోటుబుక్కులో నేను ఒక్క అక్షరం రాయలేదు.

రేపు వెళ్లి పెట్టెలు మా ఇంటికి తెచ్చుకుంటాను. చూడమంటే చూడగలను, ఎవరు ఏ కాలి మీద బరువేసి నిలబడ్డారో చెప్పగలను. ఏది ఏ ఊరిదో చెప్పలేను, ఆ ఊళ్లకి వాళ్ల బొమ్మలు తిరిగి ఇప్పించలేను. ఆ ఎనిమిది నెలల ఆదివారాల్లో నేనేం చేశానా అని మధ్యాహ్నం నుంచీ ఆలోచిస్తున్నాను. ఎవరిదో పెళ్లి ఒకటి, కారు సర్వీసింగ్ ఒకటి. ఇంకేవీ గుర్తు రావటం లేదు. తీరిక లేదంటూ ఆయనకి ఇవ్వని ఆ కాలం ఇప్పుడు నా దగ్గర కూడా లేదు.