చిన్నదాని సూది

పదహారేళ్లుగా అతను సిటీ బస్సులో కండక్టరు. కాలు పెట్టడానికి చోటు లేని బస్సులో కూడా ఒకే మనిషిని రెండుసార్లు టికెట్ అడిగి ఎరగడు. డ్రైవరు ఆ మాట మీదే ఆటపట్టిస్తుంటాడు. "మా బావకి మొహాలు గుర్తుండవు, జేబులే గుర్తుంటాయి" అంటాడు.

ఇంట్లో తొమ్మిది నెలల కవల ఆడపిల్లలు. నాలుగు నిమిషాల తేడా కాబట్టి పెద్దది, చిన్నది. చిన్నదానికి గడ్డం కింద ఆవగింజంత పుట్టుమచ్చ ఉంది. తల ఎత్తితేనే కనబడుతుంది.

మంగళవారం ఇద్దరికీ తట్టు రాకుండా వేసే సూది వేయించాలి. భార్య బట్టల షాపులో పనిచేస్తుంది. ఆ రోజు ఆమెకి సెలవు దొరకలేదు.

"ఇద్దర్నీ కలిపేయకు" అంది గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

"నా పిల్లలు నాకు తెలీదా?"

"తెలిస్తే మొన్న ఒకదానికే రెండుసార్లు పాలెందుకు పట్టావ్?"

ఆసుపత్రి వరండాలో తల్లులు చంకల్లో పిల్లలతో గోడ వెంట బారులు తీరి ఉన్నారు. మగవాడు అతనొక్కడే. ఎవరో జరిగి బెంచీ మీద చోటిచ్చారు. పిలుపు రాగానే పెద్దదాన్ని ముందు ఇచ్చాడు. సూది పడగానే అది కెవ్వుమంది. దాన్ని చూసి చిన్నది ఇంకా గట్టిగా అందుకుంది. రెండు భుజాల మీదా ఇద్దర్నీ వేసుకుని, పాలసీసా తీసి ఒకదాని నోట్లో పెట్టి, సంచీ జారితే పట్టుకుని, మళ్లీ ఇద్దర్నీ ఇటుదాన్నటు, అటుదాన్నిటు మార్చుకున్నాడు.

"రెండో పాపనివ్వండి, త్వరగా" అంది నర్సమ్మ.

ఎక్కువ ఏడుస్తున్నదానికే సూది పడి ఉంటుందనుకున్నాడు. దాన్ని భుజం మీదే ఉంచుకుని, సీసా పట్టుకుని నెమ్మదించినదాన్ని ఇచ్చాడు. అది మెలికలు తిరుగుతుంటే నర్సమ్మ దొరికిన చేతికి వేసేసింది. రెండు కార్డుల మీదా తేదీ రాసి ఇచ్చింది.

సాయంత్రం గౌన్లు విప్పి ఒళ్లు తుడుస్తుంటే కనబడింది. పెద్దదానికి రెండు చేతుల మీదా ఎర్రటి చుక్క. చిన్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. గడ్డం ఎత్తి పుట్టుమచ్చ కూడా చూశాడు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

భార్య వచ్చి "ఏడ్చారా?" అని అడిగింది.

"ఏడ్చారు."

పెద్దదానికి పొడుగు చేతుల గౌను తొడిగాడు.

అతని భయమంతా పెద్దదాని గురించే. అంత పసి ఒంట్లోకి రెండు మోతాదులు! బుధవారం సెలవు పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. అది తుమ్మితే ఉలిక్కిపడ్డాడు, ఎక్కువసేపు నిద్రపోతే లేపాడు. ఏ డాక్టర్నైనా అడగొచ్చు. అడిగితే భార్యకి తెలుస్తుంది. గురువారానికి పెద్దది హాయిగా ఆడుతుంటే ఊపిరి పీల్చుకున్నాడు. చిన్నదానికి వచ్చే వారం నెమ్మదిగా వేయిస్తే సరిపోతుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున పిల్లల్ని, రోజూ పగలు వదిలే క్రెష్‌కి తీసుకెళితే ఆయా గుమ్మంలోనే ఆపేసింది.

"లోపలికి తేవద్దు, అన్నా. మీ వాళ్ల పక్క ఉయ్యాల బాబుకి నిన్న ఒళ్లంతా దద్దుర్లు. తట్టంట. మీవాళ్లకి సూది పడిందిగా, మీకేం భయం లేదులే."

అతను వెనక్కి తిరిగాడు. ఆటోలో చిన్నదాన్ని గుండెకి ఎంతలా అదుముకున్నాడంటే అది ఊపిరాడక ఏడ్చింది.

ఆసుపత్రిలో నర్సమ్మ కార్డులు తిరగేసి, "ఇద్దరికీ అయిపోయిందిగా?" అంది.

"అవలేదమ్మా. నేను ఒకదాన్నే రెండుసార్లు ఇచ్చాను."

ఆవిడ మొహంలో రంగు మారింది. గబగబా రిజిస్టరు తెరిచింది, ఏమీ రాయకుండానే మూసింది. "నేనైనా రెండో చెయ్యి చూడొద్దూ" అని గొణుక్కుంది. తర్వాత గొంతు సవరించుకుని, "పెద్ద పాపకేం కాదు, దాని గురించి బెంగ వద్దు. ఆ బాబు సోమవారం కూడా వచ్చాడా క్రెష్‌కి?" అని అడిగింది.

"వచ్చాడు. ముక్కు కారుతోంది, అంతే."

"దద్దుర్లు రాకముందే అంటుకుంటుందయ్యా. ఇవాళ్టికి నాలుగు రోజులు. మూడు రోజుల్లోపు సూది పడితే చాలామటుకు ఆగుతుంది. బుధవారం వచ్చుంటే..." ఆవిడ మధ్యలో ఆపేసింది. "డాక్టరుగారు పదకొండింటికి వస్తారు. సూదే వెయ్యాలో, ఇంకేదైనా ఇవ్వాలో ఆయనే చెప్పాలి. ఎక్కడికీ వెళ్లకండి."

బుధవారం అతను ఏ పనీ లేకుండా ఇంట్లోనే ఉన్నాడు. ఆసుపత్రి పది నిమిషాల దూరం.

పెద్దదాన్ని నర్సమ్మ దగ్గర ఉంచి, వరండా చివరకి నడిచి భార్యకి ఫోన్ చేశాడు. చెప్పదలుచుకున్నదంతా ఒక్క బిగిన చెప్పేశాడు. అవతల షాపులో ఎవరో చీర ధర గురించి బేరమాడుతున్నారు. భార్య తిడుతుందనుకున్నాడు.

"చిన్నది ఎక్కడుంది?" అంది.

"నా చేతుల్లో."

"ఒళ్లు వెచ్చగా ఉందా?"

దాని మెడ కింద చెయ్యి పెట్టి చూశాడు. తన అరచెయ్యే చెమటతో తడిసిపోయి ఉంది.

"తెలియట్లేదు."

"బయల్దేరాను. ఫోన్ పెట్టకు. సరిగ్గా చూసి చెప్పు."

అతను చెయ్యి చొక్కాకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు.