బాపు ఊపిరితిత్తుల కణాలు ఊగిన పొద్దు

మా బాపు సిరిసిల్లల ముప్పై ఏండ్లు మరమగ్గాలు నడిపిండు. వాటిని మా దిక్కు సాంచెలంటరు. నూలు దుమ్ము, బీడీ పొగ కలిసి ఆయన ఊపిరితిత్తులను పాడు చేసినయి. తంగళ్ళపల్లిల మా ఇంటి నుంచి చాయ్ హోటల్ దాక పోవాలంటే మూడు తావుల ఆగుతడు. ఒకసారి కోరుట్లల మా మేనత్త ఇంట్ల దమ్ము ఎక్కువై ఊపిరాడకపోతే జగిత్యాల దవాఖానకు తీస్కపోయినం. పాడైన భాగం మళ్ళ రాదు, ఉన్నది కాపాడుకోవాలె అని డాక్టర్ చెప్పిండు. అప్పటికే నేను హైదరాబాదుల ఒక ల్యాబ్‌ల చేరిన. పాడైన ఊపిరితిత్తులు తిరిగి బాగైతయా అని చూసుడే అక్కడ మా పని. ఆ మాట చెప్పి ఆయనకు ఆశ పెట్టే ధైర్యం లేక ఊకున్న.

పోయిన చలికాలం ఒక రోగి శ్వాసనాళం నుంచి తీసిన కణాలను చిన్న గిన్నెల పెంచిన. వాటికి కింద నుంచి మేత, పైన గాలి. నాలుగు వారాలకు మైక్రోస్కోపుల చూస్తే, వాటి మీద సన్నటి నూగు లేచి అంతా ఒక్క దిక్కుకే ఊగుతున్నది. దుమ్మును, తెమడను బయటికి నెట్టేది గా నూగే. పక్క బల్ల కాడ పనిచేసే అక్కను గుంజుకొచ్చి చూపిచ్చిన.

ఆదివారం బస్సెక్కి ఊరికి పోయి, ఫోన్ల వీడియో బాపుకు చూపిచ్చిన. అద్దాలు తుడుచుకొని మళ్ళ మళ్ళ చూసిండు. గివి ఎవరియని అడిగిండు. నీ అసొంటి రోగం ఉన్నాయనయే అన్న.

"నాయి గూడ తీస్కపో బిడ్డా," అన్నడు.

వచ్చే నెల ఆయనకు ముక్కుల నుంచి గొట్టం వేసి చూసే పరీక్ష ఎట్లాగూ ఉండె. మా సార్‌ను, డాక్టర్‌ను అడిగి, కాగితాల మీద సంతకం పెట్టిచ్చి, గా పరీక్షలనే చిన్న బ్రష్‌తోని కణాలు తీయిచ్చినం.

మొదటి వారంల సగం చచ్చిపోయినయి. మిగిలినవి మెల్లగ పరుచుకున్నయి. ఐదో వారం ఒక పొద్దున చూస్తే, ఒక మూలకు ఆవగింజంత జాగల నూగు ఊగుతున్నది. నిదానంగనే, కానీ ఊగుతున్నది. వరండాలకు ఉరికి ఫోన్ చేసిన.

"బాపూ, నీయి ఊగుతున్నయి."

చాయ్ హోటల్ల ఉన్న దోస్తులందరికి చెప్పిండట. మేనత్తకు ఫోన్ చేసి చెప్పుకుంట, నడుమల దమ్మొచ్చి ఆగి, మళ్ళ మొదటి నుంచి చెప్పిండట.

సాయంత్రం ఆయనే ఫోన్ చేసి, వాటిని తన లోపల ఎప్పుడు పెడ్తరని అడిగిండు. అబద్ధం చెప్పబుద్ధి కాలె. గిన్నెల పెరిగినయి మనిషి లోపల నిలబడే దారి ఇంకా దొరకలేదు, ఎన్నేండ్లు పడ్తదో తెల్వదన్న.

"పెరుగుతయని తెలిసింది గద," అన్నడు. "కానియ్యుండ్రి."

ఆ ఆదివారం బాపు కణాల వీడియో లాప్‌టాప్‌ల పట్టుకొని పోయేసరికి, మా వాకిట్ల ఐదుగురు సాంచెల దోస్తులు కూసున్నరు. ముగ్గురు మాయి గూడ తీస్కపొమ్మన్నరు. బాపు ఇన్‌హేలర్ పీల్చుకొని, నూగు ఎటు ఊగుతదో వాళ్ళకు తెర మీద వేలు పెట్టి చూపిచ్చిండు.