రెండు కుప్పలైన సన్నాయి క్యాసెట్లు

2023 ఏప్రిల్. నరసరావుపేటలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతున్నాను. మా ల్యాబులో పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తామని ఎవరో చెబితే, లారీ మెకానిక్ కరీముల్లా ఒక మధ్యాహ్నం అట్టపెట్టెతో వచ్చాడు. ముప్పై ఒక్క క్యాసెట్లు. ఒక్కదాని మీదా రాత లేదు.

వాళ్లది చిలకలూరిపేట దగ్గర సన్నాయి కుటుంబం. వాళ్ల నాన్న, బాబాయి మీరాసాహెబు ఊరి శివాలయంలో జీవితమంతా జంటగా వాయించారు. నాన్న అంతకుముందు చలికాలంలోనే పోయారు. శివకల్యాణం రోజు ఆయన సన్నాయి మైకులో వినిపిద్దామని గుడి పెద్దలు అడిగారట.

“నాన్న ఒక్కడే వాయించినవి కావాలి మేడం. ఊరంతా వింటది. ఆయన పేరు చెప్పి ఇంకొకరిది వేస్తే ఏం బాగుంటది?”

“మీరు వింటే తెలియదా?”

“నేను పానాలు పట్టినోణ్ణి. నాకు ఇద్దరిదీ ఒకటే మోత.”

ధ్వనిని బొమ్మగా మార్చే పద్ధతి ఒకటుంది. ఆ బొమ్మను స్పెక్ట్రోగ్రామ్ అంటారు. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్వరం ఎత్తు. పోలికలున్న బొమ్మలను కంప్యూటర్ తనంతట తానే కుప్పలుగా పోస్తుంది. అది క్లస్టరింగ్. ఒక్కరే వాయించిన భాగాలను కత్తిరించి ఆ బొమ్మలను ఇచ్చాను. రెండు కుప్పలు పోసింది, మధ్య గట్టు వేసినంత స్పష్టంగా. తన పెళ్లిలో నాన్న వాయించిన ముక్కను కరీముల్లా గుర్తుపట్టాడు. అది మొదటి కుప్పలో ఉంది. ఇద్దరు మనుషులు, రెండు కుప్పలు. ఇక వెనకాముందూ చూడకుండా “మొదటి కుప్ప మీ నాన్నగారిది” అని చెప్పేశాను.

రెండు రోజులకు ఫోను. “మేడం, వీటిల్లో సగం తనవంటున్నాడు బాబాయి!”

నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. మీరాసాహెబుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఒక ముక్క వినిపిస్తే “అన్న” అన్నారు. తర్వాతిదానికి “ఇది నేనమ్మా” అన్నారు. రెండూ మొదటి కుప్పలోవే. రెండో కుప్పలోనూ అంతే, ఇద్దరూ ఉన్నారు.

“పెద్దాయనకు మతి తప్పతంది మేడం,” అని కరీముల్లా నా చెవిలో అన్నాడు. నాకూ అదే అనుమానం. అవే ముక్కలను వరస మార్చి మళ్లీ వినిపించాను. ఒక్క జవాబూ మారలేదు. మతి బాగానే ఉంది. మరి కంప్యూటర్ దేన్ని చూసి విడదీసింది?

వారం రోజులు నాకేమీ పాలుపోలేదు. క్యాసెట్ల రకమా? డోలు మోతా? మైకులో తేడానా? ఒక్కోటీ సరిచూశాను, ఏదీ కుదరలేదు. చివరికి బొమ్మల్లో కింది భాగాన్ని కప్పేసి మళ్లీ నడిపితే కుప్పలు కలిసిపోయాయి. అంటే సంగతంతా కిందే ఉంది. అక్కడ కదలని అడ్డగీతలున్నాయి, వెనక సాగే శ్రుతివి. రెండో కుప్పలో అవి స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. మొదటి కుప్పలో ప్రతి కొన్ని క్షణాలకూ సన్నగా వణుకుతున్నాయి.

మళ్లీ వెళ్లి అడిగాను. “శ్రుతి ఎవరు పట్టేవారండీ?”

మీరాసాహెబు నా వైపు తిరిగారు. “కరెంటు శ్రుతిపెట్టె కొన్నాక పెట్టే. అంతకుముందు మస్తాను. మా ఆఖరి తమ్ముడు. పోయి చానా ఏళ్లయింది.”

“మస్తాను బాబాయి ఏం వాయించలేదు కదా,” అన్నాడు కరీముల్లా. “ఊరికే సుతి పట్టాడు.”

“ఊరికేనా? ఒరేయ్, ఒకే సురం రెండు గంటలు ఊదు, చూద్దాం! ముక్కుతో గాలి పీలుస్తా, బుగ్గల్లో గాలి వదుల్తా, తెగకుండా. మేం ఎంత పైకిపోయినా వాడి సురం పట్టుకునే దిగేవాళ్లం.” ఆయన గొంతు తగ్గింది. “పెట్టె వచ్చాక వాడికి పని లేకుండా పోయింది. స్పిన్నింగు మిల్లులో చేరాడు. మళ్లీ మేళానికి రాలేదు. మేమూ పిలవలేదమ్మా.”

కరీముల్లా తల దించుకున్నాడు. ఆ వణుకు మస్తాను ఊపిరి మార్చుకున్న చోటు. కంప్యూటర్ పోసిన రెండు కుప్పల్లో మొదటిది మస్తాను శ్రుతిది, రెండోది కరెంటు పెట్టెది.

ఎవరిది ఏదో చివరకు తేల్చింది మీరాసాహెబు చెవులే. అయిదు ముక్కల దగ్గర ఆయన కూడా “అన్నో నేనో తెలియట్లా” అని చేతులెత్తేశారు. అన్నవని ఖాయంగా చెప్పినవే కల్యాణంలో వేశారు. కరీముల్లా మైకులో నాన్న పేరుతోపాటు, శ్రుతి మస్తాను అని కూడా చెప్పాడు. కింద కూర్చున్నవాళ్లలో చాలామందికి అది ఎవరో తెలియలేదట.

మొదటి కుప్ప ముక్కల్లో సన్నాయి అందుకునే ముందు కొద్దిసేపు శ్రుతి ఒక్కటే వినిపిస్తుంది. వాటన్నిటినీ అతికించి మీరాసాహెబుకు పంపాను. రెండు నిమిషాలు కూడా లేదు. ఆయన రోజూ పొద్దున్నే పెట్టించుకుంటున్నారని కరీముల్లా చెప్పాడు.

యంత్రం ఏం తేల్చిందో చెప్పే ముందు, దేన్ని చూసి తేల్చిందో తెలుసుకోవాలని ఇప్పుడు ప్రతి బ్యాచికీ చెబుతాను. ఎందుకంటే పాత క్యాసెట్లు ఎక్కించేటప్పుడు మేం ఆఖర్న చేసే పని రొద చెరిపెయ్యడం. ఆ రోజు మీరాసాహెబును అడగకపోయుంటే, ఆ వణుకును కూడా రొదే అనుకుని నా చేత్తోనే చెరిపేసి ఉండేదాన్ని.