వాస్లుయ్ బావులు

సరిహద్దు పోస్టుకు చేరేసరికి ఉదయం పదకొండు. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. ఎదురుగాలికి కళ్లు తెరవలేకపోయాం. రాళ్లతో కట్టిన బంకర్‌లో మేం ఎనిమిది మందిమి. మంచును కిరోసిన్ స్టవ్ మీద కరిగించుకుని తాగాలి. ప్రతి గుక్కలోనూ కిరోసిన్ వాసన. నాకది ఆఖరి పోస్టింగ్. దిగిపోయాక గుమ్మడిదల దగ్గర మా ఊళ్లో, బావి కింద రెండెకరాలు వరి వేసుకోవాలన్నదే నా ఆశ. ఆ బావి నీళ్లు తలుచుకుంటూనే ఈ నీళ్లు మింగేవాణ్ని.

మంచు తుఫానుకు గస్తీ ఆగిపోయిన రోజున, విజయవాడ నుంచి వచ్చిన మా కెప్టెన్ మాకు ధైర్యం చెప్పాలని పాత యుద్ధం ఒకటి ఎత్తుకున్నారు. ఐదు వందల ఏళ్ల పైమాట. యూరప్‌లో మోల్దావియా అనే చిన్న దేశం మీదికి ఒట్టోమన్ తుర్కుల సైన్యం వచ్చిందట. ఇటువైపు అందులో సగం మంది కూడా లేరు. రాజు దారి పొడవునా సొంత ఊళ్లే తగలబెట్టించాడు. సొంత బావుల్లోనే విషం కలిపించాడు. ఆకలిదప్పులతో వచ్చినవాళ్లను వాస్లుయ్ దగ్గర బురద లోయలో, పొగమంచులో చిత్తుగా ఓడించాడు.

"మనం ఎనిమిది మందిమే అని దిగులు పడకండి," అన్నారు కెప్టెన్.

"సార్, యుద్ధం అయిపోయినంక గా ఊరోళ్లు ఏం తాగిన్రు?" అని అడిగాను.

ఆయన స్టవ్ మీది గిన్నెలో ఇంకొంచెం మంచు వేశారు. "అది పుస్తకంలో రాయలేదు."

మాలో జహీరాబాద్ నుంచి వచ్చిన రేడియో ఆపరేటర్ నవ్వాడు. "ఎప్పుడు జూసినా నీకు బాయి యావనే అన్నా. పండుకో జెర."

ఆ వారమే మా ఆవిడతో ఫోన్ కలిసింది.

"బాయిల నీళ్లు పసుపుపచ్చగైనయి. బర్రెలు మూతి వెడ్తలెవ్వు," అంది.

"ఊరి పక్క మందుల కంపెనోళ్లకు చెప్పిన్రా?"

"చెప్పినం. గా గలీజు నీళ్లు మాయి కావంటున్నరు. నువ్వైతే పైలంగ రా."

లైన్ తెగిపోయింది. ఆ సాయంత్రం రైఫిల్ సరిహద్దు వైపు పెట్టుకుని కాపలా కాశాను. నా ఇంటి మీద దాడి అటునుంచి రాలేదు. ఒళ్లు మండిపోయింది.

రిటైరై వచ్చిన రోజు ఊరివాళ్లు పటాన్‌చెరులోనే ఎదురొచ్చి దండ వేశారు. గడప ముందు మా ఆవిడ కాళ్లకు నీళ్లు పోయడానికి చెంబు తెచ్చింది. బావి వైపు వెళ్లలేదు. కొన్న నీళ్ల క్యాన్‌లోంచి వంచుకుంది.

"గీ నీళ్లెందుకు?" అన్నాను.

"బాయి నీళ్లకు దద్దుర్లు లేస్తున్నయి."

ఇప్పుడు జెండా పండుగకు బడికి పిలిచి, శత్రువుల గురించి చెప్పమంటారు. నేను కొండల గురించి, చలి గురించి చెప్పి వచ్చేస్తాను. కళ్ల ముందు మాత్రం మా ఆవిడ ఉంటుంది. ఒక కాలికి నిండుగా పోసి, క్యాన్ వైపు ఓసారి చూసి, రెండో కాలికి చెంబు సగమే వంచుతూ ఉంటుంది.