మార్తమ్మ కృతజ్ఞత కూడిక

అది 1957. జమ్మలమడుగులోని ఒక మిషన్ ఆసుపత్రి లేబొరేటరీలో నేను పనిచేస్తున్నాను. మాది ప్రొద్దుటూరు, పురోహితుల కుటుంబం. సైన్సు చదివిన తరువాత ఇంట్లోవారు నమ్మిన మాటలకే రుజువు అడగడం అలవాటైన నాకు, ఆసుపత్రి ప్రార్థనల్లో దేవుడు చేసిన మేలు గురించి రోగులు చెప్పే సాక్ష్యాలపై ప్రత్యేకమైన గౌరవమేమీ ఉండేది కాదు.

కుష్ఠు వార్డులోని వారికి నెలనెలా స్మియర్ తీసేవాళ్ళం. చెవి తమ్మెను సన్నగా గీరి, వచ్చిన రసాన్ని గాజుపలకపై పూసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూడడమే స్మియర్. క్రిములుంటే నీలిరంగు మధ్య ఎర్రటి పుల్లల్లా కనిపిస్తాయి. వరుసగా కొన్ని నెలలు కనిపించకపోతేనే ఇంటికి పంపేవారు. మధ్యలో ఒక్కసారి కనిపించినా అంతా మళ్ళీ మొదటికి వచ్చేది.

పులివెందుల దగ్గరి పల్లె నుంచి వచ్చిన మార్తమ్మకు ఇక ఒక్క పరీక్షే మిగిలింది. భర్త యేసోబు, కూతురు ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నారు. ఆదివారం వార్డు వసారాలో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నానని ఆమె అందరినీ పిలిచింది. మేలు పొందినవారు తోటివారిని కూర్చోబెట్టి, పాటలు పాడి, దేవుడు చేసినది చెప్పి, బొరుగులూ బెల్లమూ పంచడం అక్కడి క్రైస్తవుల ఆచారం. ఇకమీదట తన బతుకంతా దేవుని పనికేనని కూడా ఆమె చెప్పుకుంది. ఇది మొక్కుబడే అని నేను తీర్మానించుకున్నాను. జబ్బు పోతే సేవ, పోకపోతే లేదు.

శుక్రవారం ఆమె స్లైడులో ఎర్రటి పుల్లలు కనిపించాయి. రంగు సరిగా పడలేదేమోనని మరొకటి తయారుచేశాను. అందులోనూ ఉన్నాయి. డాక్టరుగారు చూసి, ఆమెకు చెప్పి రమ్మని నన్నే పంపారు.

"అమ్మా, క్రిములు మళ్ళీ కనిపించాయి. ఆదివారం కూడిక ఆపుకుంటే మేలు," అన్నాను.

ఆమె మంచం పట్టెమీద కూలబడింది. వంకరపోయిన వేళ్ళతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నా బిడ్డ ఈసారన్నా వస్తానని చూస్తాంటాది," అంది. కొంతసేపటికి ముఖం తుడుచుకుంది. "కూడిక ఎందుకాపల్లప్పా?"

"నయమైనందుకే కదా అది?"

"నీకెవరు చెప్పినారు ఆ మాట? రోగం పోయినందుకైతే పోయినాకనే చేసుకుంటా గదా. పాపంలో చచ్చేదాన్ని క్రీస్తు తన పానమిచ్చి రక్షించినాడు. అందుకు చేస్తాండా. నువ్వు నా చెవి గీరి చూసినావని ఆయన చేసిన పని యాడికి పోతాది?"

పక్క మంచం మీది ముసలామె నవ్వింది. "ఆయప్ప మొగం శానా వాడిపోయిందే మార్తమ్మా. ఆయప్పక్కూడా దోసెడు బొరుగులు పెట్టు."

ఆదివారం వెళ్ళాను. మాట నిలబడుతుందో లేదో చూడడానికే వెళ్ళాను. మార్తమ్మ కళ్ళు ఇంకా ఉబ్బి ఉన్నాయి. అయినా పాట ఎత్తుకున్నది ఆమే. వసారా అంతా ఆ పాటతో మారుమోగింది.

"ఇంటికి పోలేదని ఏడుస్తాండా, అబద్ధం చెప్పను," అంది లేచి నిలబడి. "అయినా నన్ను రక్షించిన దేవునికి స్తోత్రం. బాగై లేచినాక చేద్దామనుకున్న పని రేపే మొదలుపెడతా."

సోమవారం ఆమె వేడినీళ్ళ బేసిను పెట్టుకుని, వాసనకు ఎవరూ దగ్గరకు పోని ఒకామె కాలిపుండు కడుగుతూ కనిపించింది. ఆ తరువాత ఏదో ఒక సాకుతో వార్డుకు వెళ్ళి చూస్తూ వచ్చాను. ఆమె ఆ పని మానలేదు.

కుష్ఠుకు ఇచ్చే డాప్సోన్ మాత్రలు కొనసాగాయి. స్లైడులు ఒక్కొక్కటిగా శుభ్రపడ్డాయి. చివరిదానిలోనూ క్రిములు లేవని చూసి డాక్టరుగారు సంతోషంతో లేచి నిలబడ్డారు. యేసోబు కూతురిని వెంటబెట్టుకుని వచ్చిన రోజున, నడవగలిగిన ఆడవాళ్ళందరూ పాడుకుంటూ గేటుదాకా సాగనంపారు. నెలనెలా మందుకు వచ్చినప్పుడు ఆమె ముందు వార్డులోకి వెళ్ళి పుండ్లు కడిగి, ఆ తరువాతే నా దగ్గర చెవి చూపించుకునేది.

ఒక మాట నిజమో కాదో తేలాలంటే, అది తప్పిపోగల చోట దాన్ని పరీక్షించాలని నాకు నేర్పారు. మొక్కుబడి అన్న నా ఊహ అలాంటి చోటనే తప్పిపోయింది. ఆమె మాట నిలబడింది. రక్షణను పట్టి చూపే రంగు మా గదిలో లేదు. కానీ అందబోయేదాని కోసం చేసే సేవ వేరు, ఇప్పటికే అందినదానికి చేసే సేవ వేరు. ఆ రెంటినీ నేను మళ్ళీ ఒకటిగా చూడలేదు.