గౌస్ పీరన్న తిట్టిన మద్రాసు

మా కంబదూరులో పరుపులు కుట్టే గౌస్ పీరన్నకు పరాయి ఊళ్ళో మంచిదేది కనిపించినా ఓర్వలేనితనం. కదిరి మల్లెపూలా? "తలనొప్పి." బళ్ళారి కరెంటు దీపాలా? "పురుగులు." బెంగుళూరు చల్లదనమా? "దగ్గు." ఈయన ఈర్ష్యను ఉగ్గుపాలతో తాగినాడని ఊరంతా అనుకునేవాళ్ళం.

1958 జనవరిలో మద్రాసు శాంథోమ్‌లో ఉండే మా బావ పరుపులు కుట్టించుకోవాలన్నాడు. పీరన్నను వెంటబెట్టుకుని బయల్దేరాను. ఆయన భార్య హబీబా వదినకు సముద్రం చూడాలని చిన్నప్పటి నుంచీ ఆశ. కానీ మోకాళ్ళు పట్టేసి ఆమెకు వాకిలి దాటడమే గండం.

"నువ్వు చూసొచ్చి చెప్పు. నేను ఈడనే చూసుకుంటా," అని మొగుడిని సాగనంపింది.

మద్రాసు చేరిన మరునాడు తెల్లవారగానే ఇద్దరం వీధులు చూడటానికి పోయాం. ఒకటే పొగమంచు. గంట వినిపించాక గానీ సైకిలు కనిపించదు. మేడలకు కింది సగమే ఉంది.

"ఏమప్పా శ్రీరంగప్పా, ఇండ్లు కట్టి దుప్పటి కప్పినారే?" అన్నాడు అన్న. ఒక ప్రహరీగోడ మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడ్డాడు. "తడి! మనకు బావుల్లో లేవు, వీళ్ళకు గోడలకు కూడా నీళ్ళే! ఏం, గోడలు సేద్యం చేస్తాయా?"

నేను పక్కకు తిరగ్గానే ఆ తడి చెయ్యి మొహానికి రాసుకున్నాడు. ఓరకంట చూశాను.

ఇంకో గేటు ముందు ఆగి, కొమ్మల నుంచి జారే చినుకులనే చూస్తూ నిలబడ్డాడు. ఇంటాయన బయటికి వచ్చి, "ఎవరయ్యా మీరు? ఏం కావాలి?" అన్నాడు.

"ఏమీ వద్దు సామీ. మీ చెట్టు కారిపోతాండాది. కింద చెంబు పెట్టుకోండి."

ఆయన చప్పున గేటు గడియ పెట్టుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చాను.

వీధి చివర మంచు కాస్త వీడింది. ఎదురుగా సముద్రం. అన్న నోట్లో బీడీ జారి ఇసకలో పడింది. తీసుకోలేదు. గంటసేపు కదల్లేదు. చివరికి నేనే రెక్క పట్టి లాక్కొచ్చాను.

పరుపుల పని ముగించి ఊరికి రాగానే వదిన మంచం పక్కన చేరి మొదలుపెట్టాడు. "థూ, అదొక ఊరా? ఆ చెమ్మకు, ఎంత ఏకినా దూది ఉబ్బదు. మంచులో ముందు పోయే మనిషే కనపడడు. సముద్రమంట, చెంబెడు తాగేదానికి పనికిరాదు! నువ్వు రాకపోయిందే మేలు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన బీడీకని బయటికి పోగానే, "వదినా, అంతా అబద్ధం. ఆడ నోరు తెరుచుకొని గంటసేపు నిలబడినాడు," అన్నాను.

వదిన నవ్వింది. "నాకు తెల్దా? నేను పోలేనని బాధపడతానేమోనని చూసిన ఊరినల్లా తిడతాడు. బళ్ళారిని ఒక పూట తిట్టినాడు. బెంగుళూరును రెండు దినాలు. ఎంత తిడితే ఊరు అంత బాగుండాదని నేను అనుకుంటా."

"మరి మద్రాసు?"

"ఉండప్పా, నెల పట్టేటట్టుండాది."

దిండు సర్దుకుని వాకిలి వైపు కేకేసింది. "ఏమయ్యో! ఆ మంచును ఇంకోసారి తిట్టు, వింటా!"

అన్న బీడీ ఆర్పేసి పరుగున వచ్చాడు. నేను లేచి ఇంటి దారి పట్టాను. దారి పొడుగునా ఒకటే కుళ్ళు, నా కోసం ఒక ఊరిని తిట్టే మనిషి నాకెవరున్నారని.